బోరు నీళ్లలో ఫ్లోరైడ్‌ని వెలుగుతో పట్టే స్ట్రిప్పులు: ఎవరైనా వాడారా?

వైట్‌ఫీల్డ్_సుబ్బు | శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. బెంగళూరులో వైట్‌ఫీల్డ్ దగ్గర మాదో మాదిరి పెద్ద అపార్ట్‌మెంట్. కావేరి కనెక్షన్ ఉంది గానీ ఆ నీళ్లు చాలవు. రెండు బోర్లున్నాయి, ఎండాకాలమైతే ట్యాంకర్లు. ఈ ఏడాది నీళ్ల కమిటీ బాధ్యత నా నెత్తిన పడింది.

పోయిన వారం ఒక సేల్స్ అబ్బాయి వచ్చి డెమో ఇచ్చాడు. కాగితం మీద ఏదో తెల్లటి పొడి పూసిన స్ట్రిప్పు. యూవీ టార్చ్ వేస్తే ఎర్రగా, భలే అందంగా వెలుగుతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో ముంచినా అలాగే వెలిగింది. తర్వాత ఇంకో చిన్న సీసాలోంచి ఆ నీళ్లలో నాలుగు చుక్కలు వేసి ముంచితే టక్కున ఆరిపోయింది. "ఫ్లోరైడ్, ఐరన్, లెడ్ ఏదున్నా దొరికిపోతుంది సార్, ఇక ల్యాబ్‌కి పంపే పని లేదు" అన్నాడు. మా కమిటీ పెద్దలు చప్పట్లు కొట్టడం ఒక్కటే తక్కువ. బ్రోషర్ మీద 'లూమినిసెంట్ హైబ్రిడ్ మెటీరియల్' అని పెద్దక్షరాలు.

నేను సాఫ్ట్‌వేర్ వాడిని, కెమిస్ట్రీ ఇంటర్‌తో సరి. ఇది నిజమైన సైన్సేనా, లేక గారడీయా? ఏడాది ప్యాక్ ధర మామూలుగా లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

రాజాజీనగర్_రవి | శనివారం, రాత్రి 9:40

ఆర్వో పెట్టించుకుంటే పోయె కదా బ్రో. ఇదంతా ఎందుకు?

వైట్‌ఫీల్డ్_సుబ్బు | శనివారం, రాత్రి 9:48

ప్రతి ఇంట్లో ఆర్వో ఉంది రవి గారూ. మెంబ్రేన్ ఎప్పుడు పాడైందో ఎవరికి తెలుస్తుంది? పైగా పనివాళ్లు, వాచ్‌మన్ కుటుంబాలు తాగేది కింద సంపు నీళ్లే. తెలుసుకోవాలన్నది అందుకే.

తార_జక్కూరు | శనివారం, రాత్రి 11:05

సుబ్బు గారూ, సైన్స్ నిజమే. నా పీహెచ్‌డీ దాదాపు ఇదే సబ్జెక్టు కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ఎర్రగా వెలిగిందంటే అందులో యూరోపియం ఉండే అవకాశం ఎక్కువ. అరుదైన మృత్తికా లోహాల్లో అదొకటి. 615 నానోమీటర్ల దగ్గర ఎర్రటి వెలుగు ఇస్తుంది. దాని చుట్టం టెర్బియం 545 దగ్గర పచ్చగా వెలుగుతుంది. ఈ లోహాల వెలుగు చాలా సన్నని గీతల్లో వస్తుంది, మామూలు రంగుల్లాగా విస్తరించి ఉండదు. అందుకే సెన్సర్లు చేసేవాళ్లకి ఇవంటే అంత ఇష్టం.

చిక్కేమిటంటే, యూరోపియం తనంతట తాను కాంతిని పెద్దగా పీల్చుకోలేదు. దాని లోపలి ఎలక్ట్రాన్లు ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి ఎగరడం క్వాంటం నియమాల ప్రకారం దాదాపు నిషిద్ధం. కాబట్టి పక్కన ఒక సేంద్రియ అణువుని కట్టిపెడతారు. అది యూవీని బాగా పీల్చుకుని ఆ శక్తిని లోహానికి అందిస్తుంది. దీన్ని 1942లోనే వైస్‌మన్ అనే శాస్త్రవేత్త గమనించాడు. ఇప్పుడు 'యాంటెన్నా ఎఫెక్ట్' అంటున్నారు.

ఇంకో చిక్కు నీళ్లే. నీటి అణువు లోహానికి నేరుగా అంటుకుని ఉంటే, దానిలోని ఆక్సిజన్-హైడ్రోజన్ బంధం ఊగిసలాటలు ఆ శక్తిని లాగేసుకుంటాయి. మామూలు నీళ్లలో యూరోపియం అయాన్ వెలుగు సుమారు 0.1 మిల్లీసెకను ఉంటుంది. అదే భారజలంలో (మామూలు హైడ్రోజన్ బదులు దాని బరువైన రూపం ఉండే నీళ్లు) ముప్ఫై రెట్లకి పైగా నిలుస్తుంది. అంత తేడా! అందుకని ఈ లోహాన్నీ దాని యాంటెన్నానీ సిలికా లాంటి గట్టి గూట్లో, లేదా లోహ-సేంద్రియ చట్రంలో (లోహాన్నీ సేంద్రియ అణువుల్నీ కలిపి జాలిలా అల్లింది) దాచిపెడతారు. మొన్న 2025లో కిటగావా, రాబ్సన్, యాఘీలకి కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది ఇలాంటి చట్రాలకే. వెలిగే భాగం, దాన్ని మోసే గూడు, సేంద్రియం, అసేంద్రియం కలిసి ఒకే పదార్థం కాబట్టి హైబ్రిడ్.

ఇక అయాన్ వచ్చి ఏం చేస్తుంది? కొన్ని అయాన్లు యాంటెన్నాని లాక్కుపోతాయి, వెలుగు పోతుంది. కొన్ని, యాంటెన్నాకి చేరాల్సిన యూవీని మధ్యలోనే మింగేస్తాయి. కొన్ని చట్రాన్నే కూల్చేస్తాయి. ఫ్లోరైడ్ లాంటివి కొన్ని సందర్భాల్లో యూరోపియానికి అంటుకున్న నీటి అణువుని తోసేసి ఆ చోట్లో కూర్చుంటాయి. అప్పుడు వెలుగు తగ్గదు, పెరుగుతుంది.

మీ డెమోలో నాకు అనుమానం వచ్చింది ఇక్కడే. ఆ సీసాలో ఏముంది?

ల్యాబ్_మూర్తి | ఆదివారం, ఉదయం 7:20

తార గారు సగం పని తేలిక చేశారు. నేను పీణ్య వైపు ఒక నీటి పరీక్షల ల్యాబ్‌లో చేస్తాను. ఇలాంటి స్ట్రిప్పులు పట్టుకుని మా దగ్గరికీ వస్తుంటారు.

ముందు లెక్క చూద్దాం. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే నీటి వనరు లేకపోతే 1.5 దాకా సరే. సీసం 0.01. పాదరసం 0.001. అణువుల లెక్కలోకి మారిస్తే 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ అంటే దాదాపు 53 మైక్రోమోలార్. సీసం హద్దు 48 నానోమోలార్. పాదరసం హద్దు 5 నానోమోలార్. అంటే ఫ్లోరైడ్‌కీ పాదరసానికీ మధ్య పదివేల రెట్లు తేడా. ఒకే స్ట్రిప్పు, ఒకే టార్చ్, కంటి చూపుతో ఈ మూడూ పట్టేస్తాననేవాణ్ణి కూర్చోబెట్టి టీ ఇచ్చి పంపించేయండి.

పేపర్లలో "ఒక మైక్రోమోలార్ పాదరసాన్ని పట్టాం" అని గొప్పగా రాస్తారు. అది తాగునీటి హద్దుకి రెండు వందల రెట్లు పైన. ఆ నీళ్లు తాగినవాడి సంగతి సెన్సర్ లేకుండానే తెలుస్తుంది. అటు తిరిగి ఫ్లోరైడ్‌కి "నానోమోలార్ దాకా పట్టాం" అంటారు. అంత అక్కర్లేదయ్యా! 0.8 కీ 1.6 కీ తేడా నమ్మకంగా చెబితే దండం పెడతాం.

వైట్‌ఫీల్డ్_సుబ్బు | ఆదివారం, ఉదయం 8:02

> ఆ సీసాలో ఏముంది?

డెమో వీడియో తీసి పెట్టాం, ఇప్పుడే జూమ్ చేసి చూశాను. లేబుల్ మీద ఫెర్రిక్ క్లోరైడ్ అని ఉంది.

ల్యాబ్_మూర్తి | ఆదివారం, ఉదయం 8:10

హహ్హహ్హ. అదే అనుకున్నా.

ఫెర్రిక్ క్లోరైడ్ అంటే ఒక ఇనుము లవణం. డిస్టిల్డ్ వాటర్‌లో వేస్తే ఆ నీళ్లు పులిసిపోతాయి, పీహెచ్ బాగా పడిపోతుంది. ఆమ్లం తగిలినా చాలా యాంటెన్నాలు వదులైపోతాయి. దానికి తోడు ఫెర్రిక్ ఇనుము యూవీని దండిగా మింగుతుంది. వెలుగు ఆరకపోతే ఆశ్చర్యపోవాలి. మీ బోరు నీళ్లలో ఇనుము ఆ రూపంలో ఉండదు. భూమి లోపల గాలి తగలని చోట ఫెర్రస్ అనే ఇంకో రూపంలో, రంగు లేకుండా ఉంటుంది. పైకొచ్చి గాలి తగిలితే తుప్పు రంగు మడ్డిగా కిందకి దిగుతుంది. మామూలు పీహెచ్ దగ్గర కరిగి ఉండే ఫెర్రిక్ దాదాపు శూన్యం. డెమోలో చూపించిన సరుకు మీ సంపులో దొరకదు.

చెన్నై_చిన్ని | ఆదివారం, ఉదయం 10:31

అమ్మో, మూర్తి గారు రాసింది చదివి నాకు టెన్షన్ మొదలైంది. నేను చెన్నైలో ఎమ్మెస్సీ ఫైనల్ ఇయర్. నా ప్రాజెక్టు కార్బన్ డాట్స్‌తో (యూవీ కింద వెలిగే అతి చిన్న కార్బన్ నలుసులు) ఫెర్రిక్ అయాన్‌ని పట్టడం. కరివేపాకు నుంచి చేశాను, నీలంగా బాగా వెలుగుతున్నాయి, ఇనుము వేస్తే ఆరుతున్నాయి. గైడ్ గారు గ్రాఫ్ సరళరేఖలో వచ్చింది, చాలు, రాసెయ్యి అంటున్నారు. వైవాలో ఇదే ప్రశ్న అడిగితే ఏం చెప్పాలి? తారక్కా, కొంచెం సాయం చేయవా?

తార_జక్కూరు | ఆదివారం, మధ్యాహ్నం 12:15

చిన్నీ, భయపడకు. ప్రాజెక్టు పారేయక్కర్లేదు, నాలుగు పరీక్షలు అదనంగా చేస్తే సరిపోతుంది.

మొదట, నువ్వు వేసే ఇనుము ద్రావణాన్ని ఒక్కదాన్నే యూవీ-విజిబుల్ యంత్రంలో పెట్టి చూడు. నువ్వు వెలుగు రప్పించే తరంగదైర్ఘ్యం దగ్గర అదే పీల్చుకుంటూ ఉంటే, డాట్స్‌కీ ఇనుముకీ అసలు సంబంధమే ఉండనక్కర్లేదు. మధ్యలో అడ్డం నిలబడి యూవీని మింగుతోందంతే. దీన్ని ఇన్నర్ ఫిల్టర్ ఎఫెక్ట్ అంటారు. 'కార్బన్ డాట్స్‌తో ఫెర్రిక్' అనే పేపర్లు కుప్పలు తెప్పలు. వాటిలో చాలావాటి వెనక ఉన్నది ఇదేనని నా అభిప్రాయం. దానికి దిద్దుబాటు సూత్రం ఉంది, వాడి, ఆ తర్వాత గ్రాఫ్ గియ్యి.

తర్వాత అన్ని ద్రావణాలకీ బఫర్ వేసి పీహెచ్ ఒకేలా ఉంచు. కంట్రోల్‌గా ఇనుము లేకుండా అదే పీహెచ్‌కి ఆమ్లం కలిపినదొకటి పెట్టు. చాలామంది ఎగ్గొట్టేది ఈ ఒక్కటే.

వీలైతే వెలుగు జీవితకాలం కొలిపించు. ఆర్పే పదార్థం పెరిగేకొద్దీ వెలుగు ఎలా తగ్గుతుందో చెప్పే స్టెర్న్-వోల్మర్ సమీకరణం 1919 నుంచీ ఉన్నదే. అయాన్ గుద్దుకోవడం వల్ల ఆరుతుంటే జీవితకాలం కూడా తగ్గుతుంది. ముందే అతుక్కుని ఆర్పుతున్నా, మధ్యలో యూవీని మింగుతున్నా జీవితకాలం మారదు. సరళరేఖ రెండు రకాల్లోనూ వస్తుంది కాబట్టి రేఖ ఒక్కటే చూసి యంత్రాంగం తేల్చలేవు.

ఆఖరికి 'ఇది ఇన్నర్ ఫిల్టర్ వల్లే' అని తేలినా సిగ్గుపడక్కర్లేదు. అలాగే రాయి. నిజాయితీగా రాసిన చిన్న ఫలితానికే నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

హార్డ్‌వేర్_హరి | ఆదివారం, మధ్యాహ్నం 2:50

ఎలక్ట్రానిక్స్ వాణ్ణి, మధ్యలో దూరుతున్నా. తార గారూ, యూరోపియం వెలుగు 0.1 మిల్లీసెకన్ల లెక్కలో ఉంటుందన్నారు కదా. అంటే యూవీ ఎల్ఈడీ ఆపేశాక కూడా కాసేపు వెలుగుతూ ఉంటుందన్నమాట. మరి మామూలు చెత్త వెలుగులు?

తార_జక్కూరు | ఆదివారం, మధ్యాహ్నం 3:22

అసలు పాయింటు పట్టారు హరి గారూ. మామూలు సేంద్రియ పదార్థాల వెలుగు నానోసెకన్లలో చచ్చిపోతుంది. మన నీళ్లలో అలాంటివి బోలెడు: కుళ్లిన ఆకుల నుంచి వచ్చే హ్యూమిక్ పదార్థాలు, బట్టల సబ్బు పొడిలో తెలుపు కోసం కలిపే బ్రైటనర్లు. మురుగు కలిసిన నీళ్లకి యూవీ టార్చ్ వేస్తే నీలంగా మెరవడం వీటి వల్లే. ఎల్ఈడీ ఆపి, ఒక్క పది ఇరవై మైక్రోసెకన్లు ఆగి కొలిస్తే ఆ నీలం అంతా మాయమైపోతుంది. మిగిలేది యూరోపియం ఒక్కటే.

హార్డ్‌వేర్_హరి | ఆదివారం, మధ్యాహ్నం 3:40

అయితే పని చాలా చౌక! 365 నానోమీటర్ల ఎల్ఈడీ, ముందు ఎర్ర ఫిల్టర్, ఫోటోడయోడ్, యాంప్లిఫయర్, చిన్న మైక్రోకంట్రోలర్. ఎస్పీ రోడ్డులో ఒక సాయంత్రం తిరిగితే చాలా భాగాలు దొరికిపోతాయి. ఫోన్ కెమెరా మాత్రం వద్దు. ఆటో ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ అది దాని ఇష్టం వచ్చినట్టు మార్చేస్తుంది. 'ఫోన్‌తో నీటి పరీక్ష' అనే యాప్‌లలో సగం ఇందుకే తేలిపోతాయి.

ల్యాబ్_మూర్తి | ఆదివారం, సాయంత్రం 5:05

హరి గారూ, మీ ఉత్సాహానికి అడ్డం పడటం లేదు. కానీ మీరు తీసేస్తున్నది చెత్త వెలుగుని మాత్రమే. వెలుగు *ఎవరి వల్ల* తగ్గిందో మీ సర్క్యూట్ చెప్పదు. వీధి దీపం ఆరిపోయిందనుకోండి, బల్బు పోయిందా, కరెంటు పోయిందా, ఎవడైనా రాయి విసిరాడా, చీకట్లో నిలబడి చెప్పలేం. ఎంత మంచి మీటర్ పెట్టి కొలిచినా అది చీకటే.

ఆరిపోయే సెన్సర్ల మీద నాకున్న ప్రధాన ఫిర్యాదు ఇదే. రాగి ఆర్పుతుంది, ఇనుము ఆర్పుతుంది, ఆమ్లం ఆర్పుతుంది, స్ట్రిప్పు పాతబడినా ఆరుతుంది.

ఇంట్లో చూడాలనుకుంటే ఒక చిన్న ప్రయోగం. షాపులో టానిక్ వాటర్ కొనండి, అందులో క్వినైన్ ఉంటుంది. యూవీ టార్చ్ కింద నీలంగా మెరుస్తుంది. 1852లో స్టోక్స్ ఈ మెరుపుల మీద పని చేసినప్పుడు వాడినవాటిలో క్వినైన్ కూడా ఉంది. రెండు గ్లాసుల్లో పోసి ఒకదాంట్లో చెంచాడు పంచదార, ఇంకోదాంట్లో చెంచాడు ఉప్పు కలపండి. ఉప్పు గ్లాసు మసకబారుతుంది. విషం లేదు, సీసం లేదు, ఉత్త క్లోరైడ్. టార్చ్ కళ్లల్లోకి కొట్టుకోకండి, పిల్లలుంటే మరీ జాగ్రత్త.

కనిగిరి_మాస్టారు | ఆదివారం, రాత్రి 8:30

అందరికీ ఆశీస్సులు. నేను రిటైరైన సైన్సు మాస్టారిని. ఇప్పుడు మారతహళ్లిలో అబ్బాయి దగ్గర ఉంటున్నాను. చర్చ చదువుతుంటే ఊరుకోలేకపోయాను.

మా కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతం అప్పట్లో నెల్లూరు జిల్లాలో, మద్రాసు రాజధానిలో ఉండేది. అక్కడి మనుషులకి నడుములు వంగిపోవడం, కీళ్లు బిగుసుకుపోవడం ఫ్లోరైడ్ వల్లనేనని 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి ప్రకటించారు. వాళ్లు పని చేసింది మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో. దేశంలో ఈ జబ్బు మీద వచ్చిన తొలి శాస్త్రీయ నివేదికలు అవే. చిన్నీ, మీ ఊళ్లో ఆ సంస్థ ఇప్పటికీ ఉంది, చూశావో లేదో. ఫ్లోరైడ్ తీసే నల్గొండ పద్ధతి కూడా మన తెలుగు నేల పేరుతోనే ఉంది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ వాళ్లు రూపొందించారు. పటిక, సున్నం వేసి కలిపి తేర్చడమే.

నేను పాఠం చెప్పేటప్పుడు ముందు బెంచీలో కూర్చున్న పిల్లల పళ్లు చూస్తే గోధుమ రంగు చారలు. నీళ్లేమో స్ఫటికంలా ఉండేవి, రుచిగా ఉండేవి. సబ్బు కూడా బాగా నురగొచ్చేది. జనం అవి మంచి నీళ్లనుకోక ఏమనుకుంటారు?

నా ప్రశ్న ఒక్కటే తార తల్లీ. ఇన్ని వందల పేపర్లు, ఇన్ని రంగుల వెలుగులు. మరి మా ఊరి అంగన్‌వాడీ టీచరు చేతిలోకి ఒక్కటైనా ఎందుకు రాలేదు?

తార_జక్కూరు | ఆదివారం, రాత్రి 11:48

మాస్టారూ, ఈ ప్రశ్న మా ల్యాబ్‌లో ఎవరూ గట్టిగా అడగరు. నాకు తోచింది చెబుతాను.

కొత్త పదార్థం చేస్తే పేపర్ వస్తుంది. ఉన్న పదార్థం ఎండలో, తేమలో ఏడాది నిలుస్తుందా అని చూస్తే పేపర్ రాదు. వచ్చినా ఎవరూ చదవరు. కాబట్టి మేమంతా కొత్తవి చేస్తూ పోతాం. ఎంచుకున్న అయాన్ ఒక్కటే డిస్టిల్డ్ వాటర్‌లో వేసి కొలుస్తాం. మిగతా అయాన్లని విడివిడిగా వేసి 'ఇవేవీ అడ్డు రాలేదు' అని కడ్డీల చార్టు వేస్తాం. అన్నీ ఒకేసారి కలిపి వేసేది తక్కువ. ఫ్లోరైడ్‌కి పెద్ద పోటీదారులు ఫాస్ఫేట్, బైకార్బనేట్. ఇవి కూడా యూరోపియాన్ని గట్టిగానే పట్టుకుంటాయి. మీరన్న ఆ సబ్బు నురగ సంగతి చూడండి. మన రాతి నేలల్లో ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లలో తరచుగా కాల్షియం తక్కువ, బైకార్బనేట్ ఎక్కువ. కాల్షియం ఎక్కువుంటే ఫ్లోరైడ్ దానితో కలిసి రాయిలా కూర్చుంటుంది, నీళ్లలో కరిగి తిరగదు. కాబట్టి ఫ్లోరైడ్ సెన్సర్ పని చేయాల్సిన నీళ్లే దానికి బాగా కష్టమైన నీళ్లు.

ఇంకోటి కారిపోవడం. వెలిగే భాగాన్ని సిలికాలో ఊరికే కలిపితే మెల్లగా నీళ్లలోకి జారిపోతుంది. రసాయన బంధంతో గూటికి కట్టిపడేస్తే నిలుస్తుంది గానీ తయారీ ఖరీదు పెరుగుతుంది. స్ట్రిప్పుని నీళ్లలోంచి తీసేశాక మిగిలిన నీళ్లకి టార్చ్ వేసి చూడండి. ఆ నీళ్లు ఎర్రగా మెరిస్తే సరుకు కారిపోతున్నట్టే.

ల్యాబ్_మూర్తి | సోమవారం, ఉదయం 7:05

మాస్టారు గారికి నమస్కారం. ఊళ్లకి ఏమీ చేరలేదనుకోకండి. జల జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్లకి ఫీల్డ్ కిట్‌తో నీళ్లు పరీక్షించడం నేర్పే కార్యక్రమం ఉంది. ఫ్లోరైడ్‌కి వాడుకలో ఉన్నది పాత జిర్కోనియం-రంగు పద్ధతి. ఫ్లోరైడ్ వచ్చి జిర్కోనియాన్ని లాక్కుపోతుంది, రంగు వెలిసిపోతుంది, కార్డుతో పోల్చి చూడటమే. వెలుగులు, టార్చ్‌లు లేవు. దానికీ అడ్డంకులున్నాయి, క్లోరిన్, మిగిలిపోయిన పటిక. కానీ అవేమిటో, వాటికి ఏం చేయాలో దశాబ్దాలుగా తెలుసు. పాత పద్ధతి మీద నాకు గౌరవం అందుకే.

ల్యాబ్‌లో మేము వాడేది ఎలక్ట్రోడ్. తమాషా ఏమిటంటే దాని గుండెకాయ లాంథనం ఫ్లోరైడ్ స్ఫటికం, అందులో కలిపే మసాలా యూరోపియం! 1966లో ఫ్రాంట్, రాస్ చేశారు. ఆ స్ఫటికం గుండా ఫ్లోరైడ్ అయాన్లు తప్ప మరేవీ నడవలేవు, హైడ్రాక్సైడ్ కాస్త ఇబ్బంది పెడుతుంది. దానికి బఫర్ కలిపి పీహెచ్ 5 దాటగానే ఆపేస్తాం. అల్యూమినియం, ఇనుము పట్టుకున్న ఫ్లోరైడ్‌ని కూడా ఆ బఫర్ విడిపిస్తుంది. యూరోపియం ఇక్కడ వెలగదు, నోరు మూసుకుని పని చేస్తుంది.

అడ్మిన్ | సోమవారం, ఉదయం 9:00

సుబ్బు గారికి ప్రైవేట్‌గా 'ఏ కంపెనీ' అని అడుగుతున్నవాళ్లు ఆపండి. ఇక్కడ పేర్లు వద్దు. రవి గారు పెట్టిన ఆర్వో ప్రకటన తీసేశాం.

వైట్‌ఫీల్డ్_సుబ్బు | శనివారం, సాయంత్రం 6:20

అప్‌డేట్. సేల్స్ అబ్బాయిని మళ్లీ పిలిచాం. ఈసారి మూర్తి గారు చెప్పినట్టు సీసాలు మేమే పెట్టాం, వాటి మీద నంబర్లు మాత్రమే. ఒకటి ఆర్వో నీళ్లు. రెండు మా బోరు నీళ్లు. మూడు అదే బోరు నీళ్లలో లీటరుకి 2 మిల్లీగ్రాములు వచ్చేలా ఫ్లోరైడ్ కలిపినవి, మూర్తి గారి ల్యాబ్ వాళ్లు కొలిచి ఇచ్చారు. నాలుగు ఆర్వో నీళ్లలో చిటికెడు వంట సోడా.

ఒకటో సీసాలో స్ట్రిప్పు దివ్యంగా వెలిగింది. మిగతా మూడింట్లోనూ మసకే. మా కమిటీలో ఏ ఇద్దరూ రెండుకీ మూడుకీ తేడా ఒకేలా చెప్పలేదు. వంట సోడా సీసా చూసి అబ్బాయి "సార్, ఇందులో ఫ్లోరైడ్ చాలా హై" అన్నాడు. మా ట్రెజరర్ గారు నవ్వాపుకోలేక బయటికెళ్లిపోయారు. పాపం ఆ అబ్బాయి తప్పేం లేదు, ఎవరో నేర్పినట్టు చెప్పాడు. కొనడం లేదని చెప్పి కాఫీ ఇచ్చి పంపాం.

టానిక్ వాటర్ ప్రయోగం కూడా చేశాం. మా పాప ఉప్పు డబ్బా ఖాళీ చేసింది.

తార_జక్కూరు | శనివారం, రాత్రి 8:15

సోడా సీసా నేను ఊహించిందే. బైకార్బనేట్ యూరోపియాన్ని పట్టుకుంటుంది, పీహెచ్ కూడా పెరుగుతుంది. మీ బోరు నీళ్లలోనూ ఎక్కువ భాగం అదే చేసి ఉంటుంది.

కానీ దీన్నిబట్టి ఈ పదార్థాలన్నీ దండగ అనేస్తే నేను ఒప్పుకోను మూర్తి గారూ. ఒక్క వెలుగు కాకుండా రెండు వెలుగులున్న హైబ్రిడ్‌లు ఉన్నాయి. గూడు నీలంగా వెలుగుతుంది, లోహం ఎర్రగా. అయాన్ వస్తే ఒకటే మారుతుంది, రెండోది అలాగే ఉంటుంది. ఆ రెండింటి నిష్పత్తి కొలిస్తే టార్చ్ బలహీనపడినా, పూత పలచబడినా లెక్క పెద్దగా చెడదు. మీ వీధి దీపం పక్కన ఆరని దీపం ఇంకోటి పెట్టినట్టే. ఇవి నీటి పైపులోనే కూర్చుని రోజంతా గమనిస్తూ ఉండగలవు. మీ ఎలక్ట్రోడ్‌కి ప్రతిసారీ బఫర్ పోసి, క్యాలిబ్రేట్ చేయాలి కదా?

ల్యాబ్_మూర్తి | శనివారం, రాత్రి 9:02

నిష్పత్తి పద్ధతి మంచిదే, ఒప్పుకుంటా. టార్చ్ గొడవ, పూత గొడవ పోతాయి. బైకార్బనేట్ గొడవ పోదు. బోరు నీళ్లలో తెలిసిన మోతాదు ఫ్లోరైడ్ అంచెలంచెలుగా కలుపుతూ ఎంత కలిపితే అంత చూపిస్తోందో లేదో చూడాలి. మన నీళ్లలో ఆ పరీక్ష నెగ్గిన హైబ్రిడ్ తీసుకురండి, ల్యాబ్‌లో మొదటి టేబుల్ మీద పెడతాను.

చెన్నై_చిన్ని | శనివారం, రాత్రి 9:30

అక్కా, ఇనుము ద్రావణం ఒక్కదాన్నే పెట్టి చూశాను. 340 నానోమీటర్ల దగ్గర బాగా పీల్చుకుంటోంది. గైడ్ గారు మొదట చిరాకు పడ్డారు, తర్వాత 'సరే, ఆ దిద్దుబాటు కూడా వేసి ఒక అధ్యాయం పెట్టు' అన్నారు. ఇక్కడ ఐఐటీలో ప్రదీప్ గారి బృందం కైటోసాన్ అనే పాలిమర్ పొరలో బంగారు క్లస్టర్లు (కొద్ది అణువుల గుంపులు) పెట్టి రాగిని పట్టిన పేపర్ చదివాను. అందులో పొర విడిగా నిలబడుతుంది, కాగితంలా పట్టుకోవచ్చు. నా డాట్స్‌ని కూడా అలా కైటోసాన్‌లో వేస్తే?

తార_జక్కూరు | శనివారం, రాత్రి 9:41

వెయ్యి. కానీ కైటోసాన్ తనంతట తానే లోహ అయాన్లని లాగుతుంది, డాట్స్ లేని ఉత్త పొర కంట్రోల్‌గా పెట్టడం మర్చిపోకు.

కనిగిరి_మాస్టారు | ఆదివారం, ఉదయం 6:10

సుబ్బు బాబూ, కొనకపోవడం మంచిదైంది. ఇంతకీ మీ బోరు ఫ్లోరైడ్ ఎంతో తేలిందా? వాచ్‌మన్ పిల్లలు తాగే నీళ్లన్నావు, అది తేలకుండా చర్చ ముగిస్తే ఎట్లా?

వైట్‌ఫీల్డ్_సుబ్బు | ఆదివారం, ఉదయం 9:25

తేలింది మాస్టారూ, మూర్తి గారి ల్యాబ్‌లో ఎలక్ట్రోడ్‌తో. ఒక బోరు 0.9, లోతుగా ఉన్న రెండోది 1.7. టీడీఎస్ మీటర్ మాత్రం రెండింటికీ దాదాపు ఒకే అంకె చూపిస్తోంది! రెండో బోరుని తోటకీ ఫ్లష్‌కీ మళ్లించాం. కింద సంపు దగ్గర వాచ్‌మన్ వాళ్లకి తాగడానికి విడిగా ఆర్వో కుళాయి పెట్టించాలని మీటింగ్‌లో పాస్ అయింది. సాఫ్ట్‌నర్ ఉంది కదా అని ఒకరు అభ్యంతరం చెప్పారు.

ల్యాబ్_మూర్తి | ఆదివారం, ఉదయం 9:50

ఆయనకి చెప్పండి, సాఫ్ట్‌నర్ కాల్షియం, మెగ్నీషియం తీసి సోడియం పెడుతుందంతే, ఫ్లోరైడ్ జోలికి పోదు. కాచినా పోదు. ఆవిరైపోయిన మేరకు ఇంకా చిక్కబడుతుంది.

టీడీఎస్ మీటర్ కరెంటు ఎంత పారుతుందో చూసి మొత్తం లవణాలు అంచనా వేస్తుంది. ఎనిమిది వందల్లో ఒకటిన్నర మిల్లీగ్రాము దానికి ఎక్కడ కనిపిస్తుంది?

హార్డ్‌వేర్_హరి | ఆదివారం, మధ్యాహ్నం 1:15

నా బోర్డు పని చేస్తోంది! ఎల్ఈడీ ఆపి ఇరవై మైక్రోసెకన్ల తర్వాత చదువుతున్నాను. సబ్బు పొడి నీళ్లు సున్నా చూపిస్తున్నాయి, సుబ్బు గారిచ్చిన పాత స్ట్రిప్పు ముక్క మాత్రం నిటారుగా పైకి లేస్తోంది. తార గారూ, మీ రెండు వెలుగుల పొడి కొంచెం ఇస్తే నీలానికి ఇంకో ఛానల్ పెడతాను. నీలం మాత్రం ఎల్ఈడీ వెలుగుతున్నప్పుడే చదవాలి కదా?

తార_జక్కూరు | ఆదివారం, మధ్యాహ్నం 2:30

అవును, నీలం నానోసెకన్ల వెలుగే, ఆపాక దొరకదు. అంటే సబ్బు నీళ్ల నీలం కూడా ఆ ఛానల్‌లోకి వచ్చేస్తుంది, అది చూసుకోవాలి. నీలం బదులు టెర్బియం పచ్చని పెడితే రెండూ ఆలస్యంగానే వెలుగుతాయి, ఎల్ఈడీ ఆపాకే రెండూ చదవచ్చు. అలాంటి నమూనా ఒకటి మా దగ్గర ఉంది. మా మేడమ్‌ని అడిగి చెబుతాను. సుబ్బు గారూ, మీ రెండు బోర్ల నీళ్లూ చెరో లీటరు కావాలి.

ల్యాబ్_మూర్తి | ఆదివారం, మధ్యాహ్నం 2:44

ప్లాస్టిక్ సీసాల్లో పట్టండి, గాజు వద్దు. ఫ్లోరైడ్‌కి అంతే. లోహాలు కూడా చూడాలంటే విడిగా ఇంకో సీసా, దాంట్లో నైట్రిక్ ఆమ్లం మేం వేసి ఇస్తాం. మోటారు వేసి కాసేపు నీళ్లు వదిలేశాకే నింపండి, పైపులో నిలవున్న నీళ్లు పట్టకండి. మంగళవారం లోపు పంపితే అదే రోజు ఎలక్ట్రోడ్ మీద పెడతాను, హరి గారి డబ్బా ఏం చెబుతుందో పక్కపక్కన చూద్దాం.